కంపు వార్తల్లో లెక్కలు కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పేపర్లో కంపు గురించి వార్త వచ్చిందంటే దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. జనం ముక్కు మూసుకుంటున్నారు, కళ్ళు మండుతున్నాయి, రాత్రిళ్ళు కిటికీ తీయలేకపోతున్నారు, ఫ్యాక్టరీ వాళ్ళేమో "త్వరలో ఆధునిక యంత్రాలు పెడతాం" అన్నారు, అక్కడితో వార్త అయిపోతుంది. ఆ యంత్రం ఏంటి, అది గాలిలో ఉన్నదాన్ని నిజంగా నాశనం చేస్తుందా లేక తీసుకెళ్ళి ఇంకోచోట పెడుతుందా అని అడిగినవాళ్ళు నాకైతే కనపడలేదు. ఈమధ్య ఆ ఆధునిక యంత్రాల్లో "ఎలక్ట్రోకెమికల్" అనే మాట కూడా చేరింది, అంటే కరెంటుతో రసాయన మార్పు తెప్పించి చెడు గాలిని శుభ్రం చేయడం. గ్యాస్ స్క్రబ్బర్ల (చెడు గాలిని నీళ్ళతో కడిగే టవర్ల) పని దగ్గరుండి చూసినవాడిగా చెప్తున్నా, ఇది నిజంగా పనిచేసే పద్ధతే, కానీ ప్రతి కంపుకీ కాదు, ఎక్కడ పనికొస్తుందో ఎక్కడ పనికిరాదో జనానికి తెలియకపోతే ఆ మాట చెప్పి ఎవరైనా ఎవర్నైనా నమ్మించేయొచ్చు, అందుకే ఇంత పెద్ద లెటర్ రాస్తున్నా.

ముందు మన ముక్కు సంగతి. మురుగు కంపు, కుళ్ళిన గుడ్డు కంపు అంటామే, అది హైడ్రోజన్ సల్ఫైడ్. జపాన్‌లో మనుషులకి వాసన చూపించి కొలిచిన లెక్కల ప్రకారం ఇది గాలిలో వంద కోట్ల భాగాల్లో అర భాగం కూడా లేకుండానే ముక్కుకి తెలిసిపోతుంది, అంటే దాదాపు 0.0004 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో ఒక భాగం). మిథైల్ మెర్కాప్టాన్ అనే ఇంకో గంధకపు గ్యాస్ ఇంకా ఘోరం, 0.00007 పీపీఎం చాలు. చేపల కంపుకి కారణమైన ట్రైమిథైల్ అమీన్ అంతకన్నా తక్కువకే తెలుస్తుంది. అమ్మోనియా మాత్రం 1.5 పీపీఎం దాకా ఉంటేగానీ తెలియదు. ఇప్పుడు ఫ్యాక్టరీ వాళ్ళు "90 శాతం తీసేశాం" అన్నారనుకోండి, పొగగొట్టంలో 10 పీపీఎం హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటే 90 శాతం పోయాక మిగిలేది 1 పీపీఎం, అది ముక్కుకి తెలిసే మోతాదుకి రెండువేల రెట్లకి పైగానే ఉంది! బయటి గాలిలో కలిసి పలచబడుతుంది నిజమే, కానీ గాలి కదలని రాత్రిపూట ఎంత పలచబడుతుంది? పైగా ముక్కు స్పందన మోతాదుతో సమానంగా తగ్గదు, మోతాదు పదో వంతుకి పడిపోయినా కంపు కొంచెం తగ్గినట్టే అనిపిస్తుంది. కాబట్టి చుట్టుపక్కల ఉండేవాళ్ళు "యంత్రం పెట్టినా కంపు పోలేదు" అంటే వాళ్ళు అతి చేస్తున్నట్టు కాదు, వాళ్ళ ముక్కు సరిగ్గానే చెప్తోంది, ఆ మనుషుల్ని చులకన చేసి మాట్లాడటం ఇకనైనా ఆపాలి.

ఇంకో సంగతి, ఇది ప్రాణాలకి సంబంధించింది. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి కొన్ని నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన ఆగిపోయింది కదా అని మురుగు గుంటలోకి దిగినవాళ్ళు మళ్ళీ పైకి రాలేదు. 700 దాటితే ఒకటి రెండు ఊపిరుల్లోనే స్పృహ పోవచ్చు.

సరే, ఇప్పుడున్న పద్ధతులు ఏంటంటే సెంటు లాంటిది స్ప్రే చేయడం (దీన్ని శుభ్రం చేయడం అనడానికి నాకు మనసొప్పదు, కంపు మీద ఇంకో వాసన కప్పడమే, విషం విషంలాగే ఉంటుంది), పొగగొట్టం ఎత్తు పెంచడం, బొగ్గు ఫిల్టర్ పెట్టడం, మంటలో కాల్చేయడం, బయోఫిల్టర్, కెమికల్ స్క్రబ్బర్. బొగ్గు నిండిపోయాక మార్చాలి, నిండిన బొగ్గు మళ్ళీ ఒక చెత్త. కాల్చడం గట్టి (మోతాదు ఎక్కువున్న) గ్యాస్‌కి బాగుంటుంది గానీ పీపీఎంలలో ఉన్న పలచటి గాలికైతే గాలి మొత్తాన్ని వందల డిగ్రీలు వేడి చేయాలి, ఇంధనం అంతా ఆ గాలికే పోతుంది. బయోఫిల్టర్ మంచిదే, సూక్ష్మజీవులు చేసే పని, నాకు ఇష్టం కూడా, కానీ స్థలం కావాలి, తేమ చూసుకోవాలి, మోతాదు ఒక్కసారిగా పెరిగితే అవి తట్టుకోలేవు. కెమికల్ స్క్రబ్బర్ అంటే ఒక టవర్లో ప్యాకింగ్ (ప్లాస్టిక్ ముక్కలు) నింపి పైనుంచి సోడా (కాస్టిక్ సోడా), హైపో (బ్లీచింగ్ ద్రావణం, సోడియం హైపోక్లోరైట్) కలిపిన నీళ్ళు పోస్తారు, కిందనుంచి కంపు గాలి పంపిస్తారు, గాలిలో ఉన్నది నీళ్ళలోకి దిగి హైపోతో మాడిపోతుంది. బాగా పనిచేస్తుంది, కాకపోతే హైపో ట్యాంకర్లలో రావాలి, 12 శాతం బలంతో వచ్చింది ఎండకి నిల్వలో రోజురోజుకీ బలం కోల్పోతుంది, పొరపాటున యాసిడ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది.

ఎలక్ట్రోకెమికల్ పద్ధతి ఎక్కువగా ఈ స్క్రబ్బర్‌కే వస్తుంది. చాలామంది అనుకునేదేంటంటే గాలిలో రెండు ప్లేట్లు పెట్టి కరెంటు ఇస్తే గాలి శుభ్రమవుతుందని, అలా కాదు. ఎలక్ట్రోడ్ (కరెంటు వెళ్ళే ఆ ప్లేటు) మీద రసాయన మార్పు జరగాలంటే ద్రావణం లాంటిది ఉండాలి, గ్యాస్ ముందు నీళ్ళలో కరగాలి, కరిగింది ఎలక్ట్రోడ్ దాకా చేరాలి. పని చేసేది ఎలక్ట్రాన్, దాన్ని లాక్కునే చోటు ఆనోడ్, ఇచ్చే చోటు కాథోడ్, ఎంత కరెంటు పంపితే ఎంత పదార్థం మారుతుందో 1830ల్లోనే ఫారడే అనే శాస్త్రవేత్త లెక్క కట్టి పెట్టాడు, ఆ లెక్క ఇప్పటికీ అదే. చిక్కు ఎక్కడంటే నీళ్ళలో కరిగిన కంపు పదార్థం చాలా పలచగా ఉంటుంది, ఎలక్ట్రోడ్ దగ్గరికి అది మెల్లగా వస్తుంది, కరెంటు మాత్రం ఆగదు కదా, పదార్థం రాకపోతే ఆ కరెంటు నీళ్ళనే విడగొట్టి ఆక్సిజన్ తయారుచేస్తుంది, బిల్లు వస్తుంది కంపు పోదు. అందుకే రెండు దారులు కనిపెట్టారు. ఒకటి, ఎలక్ట్రోడ్‌ని ప్లేటు లాగా కాకుండా గుళికలతోనో కార్బన్ ఫెల్ట్‌తోనో నింపి లోపలి ఉపరితలం బాగా పెంచడం, స్క్రబ్బర్ ప్యాకింగే ఎలక్ట్రోడ్ అయిపోయేలా కూడా చేస్తారు. రెండోది, నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది, మధ్యవర్తి పద్ధతి. ఎలక్ట్రోడ్ దగ్గర ఒక బలమైన పదార్థాన్ని తయారుచేసి టవర్లోకి పంపిస్తారు, అది అక్కడ కంపు పదార్థాన్ని మాడ్చేసి తను నీరసపడి తిరిగొస్తుంది, మళ్ళీ ఎలక్ట్రోడ్ దాన్ని బలంగా చేసి పంపుతుంది.

ఇందులో అన్నిటికన్నా తేలికది ఉప్పు. ఉప్పునీళ్ళలో కరెంటు పంపితే (ఇది జరిగే తొట్టినే సెల్ అంటారు) ఆనోడ్ మీద క్లోరిన్, కాథోడ్ మీద హైడ్రోజన్, సోడా వస్తాయి, క్లోరిన్ సోడా కలిసి హైపో అవుతుంది. ఆ హైపో హైడ్రోజన్ సల్ఫైడ్‌ని సల్ఫేట్‌గా మార్చాక తను మళ్ళీ ఉప్పే అవుతుంది, ఉప్పు మళ్ళీ సెల్‌కి వెళ్తుంది. అంటే నిజంగా ఖర్చయ్యేది చాలావరకు కరెంటే, పుట్టిన సల్ఫేట్‌తో పాటు కొంత నీళ్ళు బయటికి వదలాలి కాబట్టి దానికి సరిపడా ఉప్పూ, పీహెచ్ (ద్రావణం ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) పడిపోకుండా కొంచెం సోడా కలుపుతుండాలి, ట్యాంకర్ల నిండా హైపో మాత్రం అక్కర్లేదు.

ఇక్కడ లెక్క వేసి చూపిస్తా, వార్తల్లో రావాల్సింది ఇలాంటి లెక్కే అని నా బాధ. ఒక కిలో హైడ్రోజన్ సల్ఫైడ్‌ని పూర్తిగా సల్ఫేట్ చేయాలంటే సుమారు 8.3 కిలోల క్లోరిన్ కావాలి. ఉప్పునీటి సెల్‌లో కిలో క్లోరిన్‌కి 5 యూనిట్ల కరెంటు చొప్పున వేసుకోండి, మొత్తం 40 యూనిట్లు దాటుతుంది. ఎక్కువనిపిస్తుంది కదా. ఇప్పుడు గంటకి 10,000 ఘనమీటర్ల గాలి, అందులో 10 పీపీఎం హైడ్రోజన్ సల్ఫైడ్ తీసుకోండి. గంటకి వచ్చేది మొత్తం 140 గ్రాములే! అంటే గంటకి 6 యూనిట్ల కరెంటుతో పని అయిపోతుంది, అంత గాలిని టవర్లోంచి లాగే బ్లోయర్ మోటారే దాదాపు అంత తింటుంది. ఇలాంటి చోట ఈ పద్ధతి అద్భుతం అని నేను గట్టిగా చెప్తా. అదే గాలిలో 1000 పీపీఎం ఉంటే? గంటకి 14 కిలోలు, 560 కిలోవాట్లకి పైగా కేవలం సెల్‌కే కావాలి, అది పిచ్చి పని, అక్కడ ఉప్పు సెల్ గురించి మాట్లాడేవాడు లెక్క వేయలేదని అర్థం.

గట్టి గ్యాస్ ఉన్నచోట, ఉదాహరణకి బయోగ్యాస్ లాంటిది, ఇనుము మధ్యవర్తిగా పనికొస్తుంది. ఫెర్రిక్ (బలమైన స్థితిలో ఉన్న ఇనుము) ద్రావణం హైడ్రోజన్ సల్ఫైడ్‌ని సల్ఫేట్ దాకా తీసుకెళ్ళదు, గంధకం దగ్గర ఆపేస్తుంది, కాబట్టి ఎనిమిది ఎలక్ట్రాన్ల బదులు రెండు చాలు. నీరసపడిన ఫెర్రస్‌ని ఆనోడ్ మళ్ళీ ఫెర్రిక్ చేస్తుంది, అటువైపు కాథోడ్ మీద హైడ్రోజన్ వస్తుంది. సెల్ మీద 1 నుంచి 2 వోల్టులు వేసుకున్నా కిలోకి 2, 3 యూనిట్లే. అసలు హైడ్రోజన్ సల్ఫైడ్‌ని గంధకం, హైడ్రోజన్‌గా విడగొట్టడానికి సిద్ధాంతం ప్రకారం 0.17 వోల్టులే చాలు, నీళ్ళకైతే 1.23 కావాలి, విషాన్ని తీసేస్తూ హైడ్రోజన్ కూడా తీసుకోవచ్చు అనే ఆశ అక్కణ్ణుంచే వచ్చింది. మరి నేరుగా ఆనోడ్ మీదే చేయొచ్చు కదా అంటే, వచ్చిన గంధకం ఆనోడ్‌కే అంటుకుని దాన్ని మూసేస్తుంది, ఇనుమును మధ్యలో పెట్టేది అందుకే, గంధకం ఎలక్ట్రోడ్‌కి దూరంగా పుడుతుంది, వడకట్టి తీసేయొచ్చు. ఇబ్బంది లేకపోలేదు, ఇనుము కరిగి ఉండాలంటే ద్రావణం ఆమ్లంగా ఉండాలి, ఆమ్లంలోకి ఈ గ్యాస్ అంత త్వరగా దిగదు, టవర్ పెద్దది కావాలి, గంధకం పొడి ప్యాకింగ్‌లో ఇరుక్కుంటుంది.

సల్ఫర్ డయాక్సైడ్‌కి బ్రోమిన్‌తో చేసి చూపించారు. ఇటలీలోని ఇస్‌ప్రాలో ఐరోపా ఉమ్మడి పరిశోధనా కేంద్రం ఉంది, అక్కడివాళ్ళు తయారుచేసిన పద్ధతిలో బ్రోమిన్ సల్ఫర్ డయాక్సైడ్‌ని సల్ఫ్యూరిక్ యాసిడ్ చేస్తుంది, తను హైడ్రోబ్రోమిక్ యాసిడ్ అవుతుంది, దాన్ని కరెంటుతో విడగొడితే బ్రోమిన్ తిరిగొస్తుంది, పక్కన హైడ్రోజన్ వస్తుంది. సార్డీనియా దీవిలో ఒక రిఫైనరీ దగ్గర పైలట్ ప్లాంటు (పరీక్షకి చిన్న ప్లాంటు) కూడా కట్టారు. పొగలో పోయే చెత్త నుంచి అమ్ముకోదగ్గ యాసిడ్, హైడ్రోజన్ రెండూ తీయొచ్చని చూపించిన ఆ పని మీద నాకు చాలా గౌరవం.

నైట్రోజన్ ఆక్సైడ్ల దగ్గర మాత్రం ఆశ తగ్గించుకోవాలి. నైట్రిక్ ఆక్సైడ్ నీళ్ళలో అసలు కరగదు అనుకోవచ్చు, సల్ఫర్ డయాక్సైడ్ దానికన్నా 600 రెట్లకి పైగా కరుగుతుంది. గ్యాస్ నీళ్ళలోకే దిగకపోతే సెల్ ఏం చేస్తుంది? ఇనుముకి ఈడీటీఏ (లోహాన్ని పట్టి ఉంచే రసాయనం) కలిపి దాన్ని పట్టుకునే దారి ఉంది గానీ పొగలో ఉండే ఆక్సిజన్ ఆ ఇనుమును పాడుచేస్తుంటుంది, దాన్ని మళ్ళీ మళ్ళీ బాగుచేయాలి. పెద్ద పొగగొట్టాలకి అమ్మోనియా కలిపి క్యాటలిస్ట్ (రసాయన మార్పుని వేగం చేసే పదార్థం) మీద పంపే పద్ధతే మేలు. అలాగే పెయింట్ సాల్వెంట్లు, టోల్యూన్ లాంటివి, ఇవీ నీళ్ళకి లొంగవు. వెండి, సీరియం, కోబాల్ట్‌లని బలమైన స్థితికి తెచ్చి వీటిని కార్బన్ డయాక్సైడ్ దాకా కాల్చొచ్చు, వెండి అయితే దాదాపు 2 వోల్టుల బలం, కానీ గ్యాస్‌లో క్లోరిన్ ఉన్న పదార్థం ఉంటే వెండి క్లోరైడ్‌గా అడుగున పేరుకుంటుంది, నైట్రిక్ యాసిడ్‌తో పని, చిన్న మోతాదు మొండి విషాలకి సరే, పెద్ద గాలికి కాదు.

ఇప్పుడు ఉప్పు సెల్ మంచిది అన్నా కదా, దాని తిప్పలు కూడా చెప్పకపోతే నేను కూడా అమ్మేవాళ్ళలాగే మాట్లాడినట్టు. మొదటిది అమ్మోనియా. పెంటలు, ఎరువు తయారీ, తోళ్ళ శుద్ధి ఇలాంటి చోట్ల గాలిలో అమ్మోనియా, అమీన్లు కూడా ఉంటాయి, అవి హైపోకి తగిలితే క్లోరమిన్లు అవుతాయి, అవే ఒక ఘాటు కంపు, కళ్ళకి ఊపిరితిత్తులకి మంట. కాబట్టి ముందు ఆమ్లం పోసే టవర్, అందులో అమ్మోనియా, అమీన్లు ఆగిపోవాలి, ఆ తర్వాతే క్షారం, హైపో టవర్. ఈ వరస తప్పితే డబ్బు పోసి కొత్త కంపు కొన్నట్టే. ఆ ఆమ్లం, క్షారం కూడా కరెంటుతోనే తయారుచేయొచ్చు, సోడియం సల్ఫేట్ ద్రావణాన్ని మెంబ్రేన్ (మధ్యలో పల్చటి పొర) ఉన్న సెల్‌లో పెడితే ఆనోడ్ వైపు సల్ఫ్యూరిక్ యాసిడ్, కాథోడ్ వైపు సోడా వస్తాయి.

రెండోది పీహెచ్. క్షారం తగ్గిపోయి ద్రావణం ఆమ్లం వైపు జారితే హైపోలోంచి క్లోరినే పైకి లేస్తుంది, అప్పుడు పొగగొట్టం నుంచి బ్లీచింగ్ వాసన, జనానికి ఒక బాధ బదులు ఇంకో బాధ. పీహెచ్ మీటరూ ఓఆర్‌పీ (ద్రావణంలో హైపో బలం ఎంతుందో చూపే) మీటరూ సరిగ్గా ఉండి వాటిని బట్టి కరెంటు పెరుగుతూ తగ్గుతూ ఉంటేనే ఈ పద్ధతికి అర్థం ఉంటుంది, గాలిలో కంపు పెరిగినప్పుడు ఆంపియర్లు పెంచుకోవచ్చు, తగ్గినప్పుడు తగ్గించుకోవచ్చు, ఈ సౌకర్యాన్ని వదిలేసి ఒకే కరెంటు మీద ఇరవైనాలుగు గంటలూ నడిపేవాళ్ళని చూస్తే బాధేస్తుంది.

ఎలక్ట్రోడ్ల గురించి కూడా. ఒకప్పుడు గ్రాఫైట్ ఆనోడ్లు వాడేవాళ్ళు, అవి అరిగిపోయేవి. 1960ల్లో హెన్రీ బీర్ అనే ఆయన టైటానియం మీద రుథేనియం ఆక్సైడ్ పూత వేసే పద్ధతి తెచ్చాక క్లోరిన్ పరిశ్రమే మారిపోయింది, ఈరోజు ఉప్పు సెల్ ఇంత చిన్నగా ఇంత కాలం నడుస్తోందంటే ఆ పూతే కారణం. కానీ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఉంటే కాథోడ్ మీద తెల్లగా సున్నం పేరుకుంటుంది, యాసిడ్‌తో కడగాలి, నీళ్ళని ముందే మెత్తబరచుకుంటే ఆ బాధ చాలా తగ్గుతుంది. డైమండ్ ఆనోడ్లు అని బోరాన్ కలిపిన వజ్రపు పూతవి ఉన్నాయి, మొండి పదార్థాలని కూడా పూర్తిగా కాల్చేస్తాయి, అయితే ఉప్పు ఉన్న నీళ్ళలో అవి క్లోరేట్, పెర్‌క్లోరేట్ దాకా తీసుకెళ్తాయి, తాగే నీళ్ళలో ఉండకూడని పదార్థాలు అవి. బలం ఎక్కువైతే మంచిదే అనుకోవడం తప్పు.

హైడ్రోజన్ సంగతి ఎవరూ మర్చిపోకూడదు. కిలో క్లోరిన్ తయారైతే పక్కన 300 లీటర్లకి పైగా హైడ్రోజన్ వస్తుంది, గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంతున్నా నిప్పు తగిలితే అంటుకుంటుంది. సెల్ గది పైకప్పు కింద అది నిలవకుండా బయటికి పోయే దారి, గాలి కలిపే ఫ్యాను, ఫ్యాను ఆగితే సెల్‌కి కరెంటు తెగిపోయే ఏర్పాటు, ఇవి లేకుండా యంత్రం ఆన్ చేయకూడదు, ఒక్క గంటైనా.

ఇక కడిగిన నీళ్ళు. గాలిలోంచి తీసింది నీళ్ళలోకే వచ్చింది కదా. సల్ఫేట్ అయితే పర్లేదు, ఇంకా సగంలో ఉన్న గంధకపు పదార్థాలు, క్లోరిన్ అంటిన ఆర్గానిక్ పదార్థాలు, పాతబడిన హైపోలోంచి వచ్చే క్లోరేట్ ఉంటే ఆ నీళ్ళు కాలువలోకి వదిలితే గాలి కాలుష్యాన్ని నీటి కాలుష్యం చేసినట్టే. ఆ కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోందన్నది కూడా అడగాల్సిందే, బొగ్గు కాల్చి తెచ్చిన కరెంటైతే ఇక్కడ తగ్గినదానిలో కొంత అక్కడ పెరుగుతుంది, పలచటి కంపుకి వాడేది తక్కువ కాబట్టి అప్పటికీ లాభమే అని నా అభిప్రాయం.

అందుకని మీకు నా విన్నపం. ఎవరైనా "ఎలక్ట్రోకెమికల్ యూనిట్ పెడుతున్నాం" అంటే మీ విలేకరి శాతం రాసుకుని వచ్చేయకుండా, లోపలికి వెళ్ళే గాలిలో ఎన్ని పీపీఎం, బయటికి వచ్చే దానిలో ఎన్ని పీపీఎం, గంటకి ఎన్ని ఘనమీటర్లు, ముందు అమ్మోనియాని ఆపే ఆమ్లం టవర్ ఉందా, వదిలే నీళ్ళని ఎవరు పరీక్ష చేస్తున్నారు, ఆ నీళ్ళు ఎటు పోతున్నాయి, ఇవి అడిగి రాయమనండి. ముక్కుతో కొలిచే పద్ధతి కూడా ఉంది, ఐరోపాలో దానికి ఈఎన్ 13725 అని ప్రమాణమే పెట్టుకున్నారు, గాలిని సంచుల్లో పట్టి తెచ్చి, ముందే పరీక్షించి ఎంచుకున్న మనుషులకి పలచబరిచి చూపించి, సగం మందికి తెలిసే దాకా ఎన్ని రెట్లు పలచబరచాల్సి వచ్చిందో అదే ఆ గాలి కంపు సంఖ్య. యంత్రం పెట్టకముందు ఒకటి, పెట్టాక ఒకటి, ఆ రెండు సంఖ్యలు పక్కపక్కన అచ్చువేస్తే జనానికి ఇంకేం చెప్పక్కర్లేదు.

ఇంకొక్కటి. ఏ యంత్రమైనా కంపు పుట్టేచోట మూతలు వేసి గాలిని లాగితేనే పనిచేస్తుంది, తెరిచి ఉన్న తొట్టి పక్కన ఎంత గొప్ప సెల్ పెట్టినా దండగ. కానీ మూత వేశాక లోపల గ్యాస్ ఇంతకుముందు కన్నా గట్టిగా పేరుకుంటుంది, బ్లోయర్ ఆగితే ఇంకా గట్టిగా. రిపేరుకి అందులోకి దిగే మనిషి చేతిలో గ్యాస్ మీటరు, ఒంటికి తాడు, పైన ఇంకో మనిషి ఉండాలి, యంత్రం తాలూకు కాగితాల్లోనే ఇది రాసి ఉండాలి, మీ వార్తలో కూడా ఒక లైను దీనికి ఇవ్వండి.

ఇట్లు,
మీ పాఠకుడు